గోడకెక్కిన గుర్తులు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నా పదో ఏటనే తేల్చేసింది. చుట్టాలొస్తున్నారంటే చాలు, ముందు నన్ను వంటింట్లోకి లాగి, "ఏటేటి సెప్పకూడదో గురుతున్నాదా?" అని వరసగా ఒప్పజెప్పించుకునేది. చుట్టాలు కాళ్ళు కడుక్కుని కూర్చోగానే ఆ వరస తప్పకుండా వాళ్ళకీ ఒప్పజెప్పేసేదాన్ని. అలాంటి నోటికి పెద్దయ్యాక ప్రభుత్వమే ఒక నల్లబల్లా, సుద్దముక్కా ఇచ్చి, రోజుకి ఆరు పీరియడ్లు మాట్లాడమని ఉద్యోగం ఇచ్చింది. సోషల్ టీచర్ని అయ్యాను. ఆ నోరే నాకు అన్నం పెట్టింది. ఒక ఇంట్లో అన్నం లేకుండా చేసిందీ అదే. ఆ సంగతి ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర మెట్ట ఊరు. గోగు, నువ్వులు, చెరువు కింద నాలుగు మడులు వరి. మా నాన్నకి బతికినన్నాళ్ళూ ఒకటే యావ, గట్టు. పక్క చేనువాళ్ళు ఏటా ఒక నాగలి చాలు ఇటు జరుగుతున్నారని ఆయన అనుమానం. ఆయన మీద వాళ్ళకీ అదే అనుమానం. చివరికి సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజున మా నాన్న ఊళ్ళో ఉన్న ప్రతివాణ్ణీ పిలుచుకొచ్చి ఎండలో నిలబెట్టాడు. మంచం పట్టిన ఒక ముసలాయన్ని మంచంతో సహా మోయించుకొచ్చాడు. ఎందుకింత హడావుడి అని అమ్మ విసుక్కుంటే, "పదిమంది సూసిన రాయే రాయి. ఒక్కడు సూసిన రాయి తెల్లారేసరికి నడిసిపోతాది" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. చోటు అన్నది పదిమందికీ చూపించాలి, చూపిస్తేనే అది మనది. మట్టి మీద పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. సముద్రం దగ్గర ఈ లెక్క చెల్లదని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా, నాకున్నది చెప్పే అలవాటు!

రెండువేల పదుల మొదట్లో నన్ను శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరి హైస్కూలుకి బదిలీ చేశారు. ఉప్పుగాలికి గ్లోబు ఇరుసు తుప్పుపట్టి తిరగడం మానేసింది. ఆఫ్రికా ఎప్పుడూ నావైపే ఉండేది. కిటికీ తీస్తే సముద్రం, మూస్తే చేపల వాసన. చెప్పొద్దూ, మొదటి నెలంతా ముక్కుకి పైట అడ్డం పెట్టుకునే పాఠం చెప్పాను. పిల్లలు నన్ను చూసి నవ్వుకునేవారు.

ఆ ఏడాదే శ్రీకాకుళంలో సోషల్ టీచర్లకి ఒకరోజు శిక్షణ పెట్టారు. అలాంటి శిక్షణలకి మేమంతా పాత స్నేహితుల్ని చూడ్డానికీ, మధ్యాహ్నం భోజనానికీ వెళ్ళేవాళ్ళమే తప్ప ఏదో నేర్చుకోవడానికి కాదు. భోజనాలయ్యాక సగంమంది కునుకు తీస్తుంటే, ఒక అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మ తెర మీద వేసింది. నాగావళి సముద్రంలో కలిసే చోటు. పదేళ్ళ కిందట ఇసుకతిన్నె ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది, ఎంత మేర కోసుకుపోయింది, అన్నీ గీతలు గీసి చూపించింది. తుఫాను వస్తే ఎవరిని ముందు ఖాళీ చేయించాలో, ఏ రోడ్డు మునుగుతుందో, ఏ చేనుకి నీళ్ళందవో ఇలాంటి పటాల మీదే చెబుతారంది. ఆఖర్న మా అందరి మొహాలూ చూసి, "పని కొండంత ఉందండి. చేసేవాళ్ళు దొరకడం లేదు. ఇలాంటి చదువు ఒకటుందని మన పిల్లలకి తెలిస్తే కదా! మీరు చెప్పకపోతే వాళ్ళకింకెవరు చెబుతారు?" అంది.

నాకు సిగ్గేసింది. భూగోళం అంటే పరీక్ష ముందు రోజు బట్టీ పట్టేసేది అని పిల్లలకి నేనే చెప్పేదాన్ని. తెలివైన పిల్ల కనిపిస్తే లెక్కలు తీసుకోమనేదాన్ని, మొద్దుపిల్ల కనిపిస్తే టీచరు ట్రైనింగుకి వెళ్ళమనేదాన్ని. నేనేం చదివి వచ్చానో మర్చిపోయి మరీ అనేదాన్ని. తిరిగొచ్చే బస్సులో కూర్చుని, ఇక ఈ నోటికి ఒక పని దొరికిందనుకున్నాను.

మర్నాడే తొమ్మిదో తరగతి వాళ్ళని మన ఊరి పటం గీసుకు రమ్మన్నాను. అందరి పటాల్లోనూ మధ్యలో బడి, పక్కన రామకోవెల, పైన నాలుగు పక్షులు. సముద్రం అంటే కాగితం అంచున నీలం పట్టీ. ఒక్క పిల్ల మాత్రం కాగితాన్ని తలకిందులు చేసింది. ఆ పటం నిండా సముద్రమే. ఊరు ఎక్కడో పైన సన్నటి గీత. ఆ గీత మీద తాడిచెట్ల గుంపు, పసుపు రంగు తుఫాను షెల్టరు, వాటి వెనక కూర్మనాథుడి గోపురం, ఇంకా వెనక కొండ, కొండ నడుమ పన్ను ఊడినట్టు ఒక నొక్కు. అక్కణ్ణించి సముద్రంలోకి రెండు గీతలు వచ్చి ఒకచోట కలుసుకున్నాయి. కలిసిన చోట చుక్క.

"ఏటే ఇది?"

"మా నాన్న రాయి టీచర్."

రాయేమిటో ఆ పిల్లే విడమరిచి చెప్పింది. నీళ్ళ అడుగున పెద్ద రాతి దిబ్బ ఉంది. దాని చుట్టూ చేప చేరుతుంది. పైనించి చూస్తే అంతా నీళ్ళే కాబట్టి, ఒడ్డు మీది వస్తువుల్ని బట్టి దాన్ని పట్టుకోవాలి. "తాడిసెట్లు కొండ నొక్కులోకి రావాల టీచర్. అదే టయానికి గోపురం షెల్టరు కుడిగోడకి ఆనాల. రెండూ ఒక్కపాలి కుదిర్తే కిందన రాయి ఉన్నాదని లెక్క. గాలం ఏస్తే కోనాం సేప పడతాది. ఒకటి కుదిరి ఒకటి కుదరకపోతే ఉట్టి నీళ్ళే."

"నువ్వెప్పుడు చూశావు? పడవెక్కావా?"

"ఆడోలు ఎక్కకూడదు గదా టీచర్. నాన్న వల బాగుసేసుకున్నప్పుడు సెప్తాడు. నాను ఒడ్డు మీద అటూ ఇటూ నడిసి, ఏది దేనెనక్కి ఎల్తన్నాదో సూసుకున్నాను. అలగే ఇంకా లోపలికి ఎల్తే ఎలగుంటాదో అనుకొని గీసీసినాను."

సముద్రంలోకి ఒక్కనాడూ వెళ్ళని పిల్ల, నాన్న నోటిమాటలు నాలుగు విని, తడి ఇసుక మీద నడిచి, తన ఊరిని సముద్రంలోంచి చూసేసింది! శ్రీకాకుళంలో ఆ అమ్మాయి ఉపగ్రహంతో చేయించిన పని ఈ పిల్ల కాళ్ళతో చేసింది. ఓలమ్మో అని బల్ల మీద కూలబడ్డాను. ఆ రోజు ముక్కుకి పైట అడ్డం పెట్టుకోవడం మర్చిపోయాను, ఆ తర్వాత మరెప్పుడూ పెట్టుకోలేదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. ఇంటర్ తర్వాత ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, ఆ పని చేసేవాళ్ళ కోసం ఎవరెవరు వెతుకుతున్నారు, అన్నీ. నాకు తెలిసింది పావలా, చెప్పింది రూపాయి. ఆ పిల్ల ముద్ద చేతిలో పట్టుకుని వింది.

"ఆడోలు సెయ్యొచ్చా టీచర్?"

"ఎందుకు చెయ్యకూడదు?"

"పడవ ఎక్కక్కర్నేదా?"

"కంప్యూటరు ముందు కూర్చుని చేస్తారు తల్లీ."

"అయితే సముద్రంలోకి ఎల్లకండానే సముద్రం పని సెయ్యొచ్చన్నమాట!" అంది. అంత సంబరం నేను ఇంకే పిల్ల మొహంలోనూ చూడలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్లకి ఇంకో ఆలోచన లేదు. బడి అయ్యాక నా అట్లాసు తీసుకుని వరండాలో బోర్లా పడుకుని చూసేది. ఒక రోజు అట్లాసులో మన ఊరు ఎందుకు లేదని నన్ను నిలదీసింది. "నువ్వు చదువుకుని పెడుదువుగాని" అన్నాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక బడిలో ప్రదర్శన పెట్టాం. ఊరి పెద్దల్ని, తల్లిదండ్రుల్ని పిలిచాం. ఈ చదువు గురించి ఊరందరికీ ఒకేసారి తెలియజెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదనుకుని, ఆ పిల్ల చేత ఆ పటాన్నే పెద్ద చార్టు మీద రంగులతో గీయించాను. గీస్తూ గీస్తూ ఆ పిల్ల ఆగింది.

"టీచర్, గీతలు తీసీమంటారా?"

"గీతలే కదే దీని ప్రాణం! అవి తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

"నాన్నకి సెప్పనేదు టీచర్."

"గోడ మీద చూశాక మీ నాన్నే మురిసిపోతాడు."

ఆ పిల్ల రెండుసార్లు తప్పించుకునే దారి చూపించింది నాకు. రెండుసార్లూ నేనే మూసేశాను. తొమ్మిదో తరగతి పిల్ల టీచరుకి అంతకంటే గట్టిగా ఎలా చెబుతుంది?

ప్రదర్శన రోజున మగవాళ్ళంతా ఆ చార్టు దగ్గరే గుమిగూడారు. సైన్సు పిల్లలు అట్టతో చేసిన బద్దలయ్యే అగ్నిపర్వతాన్ని చూసే దిక్కు లేదు. సైన్సు మాస్టారి మొహం మాడిపోయింది. నాకు గర్వం. తగుదునమ్మా అని బెత్తం పట్టుకుని చార్టు పక్కన నిలబడ్డాను. "ఇదిగో ఈ తాడిచెట్లు ఈ నొక్కులోకి రావాలి, ఇదిగో ఈ గోపురం ఈ గోడకి ఆనాలి" అని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. ఒకాయన మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. ఇంకొకాయన కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. ఆహా, ఎంత శ్రద్ధ అనుకున్నాను. వాళ్ళందరూ అంత నిశ్శబ్దంగా ఎందుకు ఉన్నారో నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఆ పిల్ల నాన్న ఆఖర్న వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కూతురి బొమ్మ గోడ మీద పెట్టారని ఎవరో చెబితే వచ్చాడట. ఆయన్ని చూసి జనం పక్కకి తప్పుకున్నారు. చార్టు వంక చాలాసేపు చూశాడు.

"ఎవులు గీసినారు?"

"నానే నాన్నా."

"ఒక్క పిసరు తప్పు నేదు," అన్నాడు. ఆ మాటలో ఆయనకి కూతురి మీద ఎంత మురిపెం ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పుడు నా వైపు తిరిగి, అరవకుండా అన్నాడు, "టీచరమ్మా, ఇది మా తాత సూసిన రాయి. మా తాత మా అయ్యకి సెప్పినాడు, మా అయ్య నాకు సెప్పినాడు. నాకు కొడుకుల్నేరు. ఆడగుంట సముద్రంలోకి ఎల్లదు గదా, దాని కాడ పదిలంగా ఉంటాదని దానికి సెప్పినాను."

నాకు అర్థమయ్యేసరికి ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గబగబా చార్టు పీకేశాను. చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. చూడాల్సినవాళ్ళందరూ చూసి, వినాల్సినవాళ్ళందరూ నా నోటే విని, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మూడో రోజు ఉదయం క్లాసు కిటికీలోంచి పడవలు కనిపించాయి. అన్నీ ఒకేచోట. పిల్లలు వేళ్ళు పెట్టి లెక్కపెట్టారు, ఎనిమిది. ఆ పిల్ల ఒక్కతే కిటికీ వైపు చూడలేదు. పుస్తకంలో తల పెట్టుకుని కూర్చుంది. నేను ఆ రోజు ఏ పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

గాలాలతో ఆగితే కొంత మిగిలేదేమో. ఎవరో ఆశకి పోయి వల వేశారు. వల రాయికి చిక్కి చిరిగి అక్కడే ఉండిపోయింది. దాని మీద ఇంకొకరి వల. ఎండలు ముదిరేసరికి ఆ రాయి దగ్గర చేప లేదు, చిరిగిన వలలు ఉన్నాయి. మూడు తరాలు ఒక్క ఇల్లు జాగ్రత్తగా తిన్న చోటుని ఊరంతా కలిసి మూడు నెలల్లో ముగించింది. వాళ్ళని అని ఏం లాభం, దారి చూపించినదాన్ని నేను.

ఆగస్టులో ఆ పిల్ల నాన్న గుజరాత్ బోట్లలో కూలికి బయల్దేరాడు. మా తీరం నుంచి ఎంతోమంది అలా వెళతారు, కానీ అంతవరకూ ఆయనకి ఆ అవసరం పడలేదు. అప్పటికి ఆ పిల్ల పదో తరగతి. ఆమదాలవలస స్టేషనుకి వెళ్ళాను. నన్ను చూసి వాళ్ళావిడ మొహం తిప్పేసుకుంది. ఆయన మాత్రం సంచీ కింద పెట్టి దగ్గరికొచ్చాడు. నేను నోరు తెరిచి ఏదో అనబోయి ఏడ్చేశాను. నోరు పెద్దదాన్నే గానీ, క్షమించమనే ఒక్క మాట ఆ రోజు బయటికి రాలేదు.

"ఏడవకండి టీచరమ్మా. మీకెలగ తెలుస్తాది, మీరు మెట్టోలు," అన్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, "పది అయినాక ఆ పటాల సదువే ఏయించండి. నాను సీజను ముగించుకొని వొచ్చీస్తాను. అది సదువుతానంటే నానొద్దన్ను," అన్నాడు. రైలు కదిలాక కూడా ఆ పిల్ల నవ్వుతూనే చెయ్యి ఊపింది. నాన్న ఒప్పుకున్నాడన్న సంతోషంలో నాన్న వెళ్ళిపోతున్నాడన్నది దానికి ఇంకా తట్టలేదు. నాకూ కొంచెం ఊపిరొచ్చింది. ఈ పిల్లని చదివిస్తే నా పాపం కొంతైనా పోతుందని స్టేషను బయట అనుకున్నాను.

ఆయన తిరిగి రాలేదు. చలికాలంలో, వల లాగుతుండగా కెరటం కొట్టి సముద్రంలో పడిపోయాడు. పూటంతా వెతికారు, దొరకలేదు. అదే బోటులో ఉన్న మా తీరం మనిషి ఒకడు ఫోను చేసి చెప్పాడు. ఇంట్లో అందరూ ఎలా, ఎలా అని ఏడుస్తుంటే, ఈ పిల్ల ఫోను లాక్కుని, ఎక్కడ అని అడిగిందట. బోటులో చోటు చూపించే యంత్రం ఉంటుంది. ఆయన పడిపోయిన చోట దాని మీద కనిపించిన అంకెలు ఆ మనిషి రాసిపెట్టుకున్నాడు, అవి చదివాడు. ఈ పిల్ల థర్మకోల్ చేపల పెట్టె మూత విరిచి ఆ తెల్ల ముక్క మీద బాల్‌పెన్నుతో రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ముక్క పట్టుకుని బడికొచ్చింది. ఏడవడం లేదు. "టీచర్, ఇదెక్కడో సూపించండి," అంది.

పదిహేనేళ్ళుగా అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతున్నదాన్ని. మైసూరుపాకు కోసినట్టు భూమిని గడులుగా కోసి బోర్డు మీద చూపించినదాన్ని. అట్లాసు తెరిచాను. స్కేలు పెట్టి, అరేబియా సముద్రంలో పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను.

ఆ పిల్ల వంగి చూసింది. "ఈ సుక్క ఎంత మేర ఉంటాది టీచర్?"

కొలబద్ద వేసి చూశాను. "పది పదిహేను కిలోమీటర్లు ఉంటుంది తల్లీ."

"మా నాన్న గుర్తు పడవ పొడవు కూడా తప్పదు," అంది. నన్ను ఎత్తిపొడవడానికి కాదు. ఉన్నమాట అంది, అంతే. ఎత్తిపొడిచినా బాగుండేది.

ఇంకొకటి కూడా అడిగింది. "మన సముద్రం తూరుపు కదా టీచర్. నాన్న పోయింది పడమటి సముద్రం. సిన్నాన్న సేత నీళ్ళొదిలిస్తన్నారు. ఎటు తిరిగి ఒదలాల?"

భారతదేశం పటం మీద మా ఊరి నుంచి ఆ చుక్క దాకా గీత గీసి చూశాను. పడమర, కొంచెం ఉత్తరానికి. పేజీ చింపి ఇచ్చాను.

కర్మ రోజున ఒడ్డున అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడితే, ఆ పిల్ల చిన్నాన్న భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. సముద్రానికి వీపు పెట్టి, ఊరికీ సరుగుడు తోటకీ ఎదురుగా. "ఇదేటే, సముద్రానికి ఈపు పెట్టి నీళ్ళొదుల్తారేటి?" అని ఒక పెద్దాయన గదమాయించాడు.

"టీచర్ సెప్పినారు," అంది.

ఇంకా నా మాటే నమ్మింది. నేను జనం వెనక నిలబడి నోట్లో పైట కుక్కుకున్నాను. చేతిలో నీళ్ళు ఎండు ఇసుక మీద పడి ఇంకిపోయాయి.

పది పరీక్షలకి ఆ పిల్ల రాలేదు. వాళ్ళమ్మతో పాటు రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళి బతిమాలాను. వాళ్ళమ్మ గడపలోనే ఆపేసి, "సదువుకుంటన్నాదని పంపితే ఇంటి గుట్టు గోడకెక్కించినాది. ఇంకా సదివితే ఏటెక్కిస్తాదో! ఎల్లండమ్మా," అంది. ఆమె ఎన్నయినా అనొచ్చు, నాకు నోరెత్తే హక్కు లేదు.

ఆ తర్వాతి నాలుగేళ్ళలో రెండు వేసవులు నేను విశాఖపట్నం వెళ్ళి, నా క్లాసు పిల్లల వయసున్నవాళ్ళ మధ్య కూర్చుని, కంప్యూటరు మీద పటాలు చెయ్యడం నేర్చుకున్నాను. మౌసు పట్టుకోవడం కూడా రాదు నాకు. కొంచెం చేతనవగానే మొట్టమొదట ఆ అంకెలు కొట్టాను. తెర మీద చుక్క పడింది. చూస్తే, నేను అట్లాసులో పెట్టిన చోట కాదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే. నేర్పే అమ్మాయి వచ్చి చూసి, "మేడమ్, డిగ్రీల తర్వాత ఉన్నవి నిమిషాలు. అరవైకి లెక్క కట్టాలి. మీరు అప్పుడు వందకి కట్టినట్టున్నారు," అంది. గంటకి అరవై నిమిషాలని చంటిపిల్లలకి తెలుసు. పదిహేనేళ్ళు డిగ్రీలూ నిమిషాలూ బోర్డు మీద రాసినదాన్ని, ఒక్కసారి, నిజంగా అవసరమైన ఆ ఒక్కసారి తప్పాను. అట్లాసులో రెండు మిల్లీమీటర్లు. నీళ్ళ మీద ముప్పై కిలోమీటర్లు.

అప్పుడే మా తీరం వెంబడి పటాలు తయారుచేసే పని ఒకటి మొదలవుతోంది. తీరం తెలిసిన పిల్లలు కావాలి, పని మేమే నేర్పుతాం, పది తప్పినా ఫరవాలేదు అన్నారు. సరైన చోటు అచ్చు వేయించిన కాగితం ఒకటి, ఆ దరఖాస్తు కాగితం ఒకటి పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. నాలుగేళ్ళయింది చూసి. మంచునీళ్ళకి వేళ్ళు తెల్లగా నాని, గోళ్ళ చుట్టూ చీరుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి చేతులు పావడాకి తుడుచుకుని లేచి నిలబడింది. క్లాసులో లేచినట్టే.

ముందు అట్లాసులో చుక్క తప్పు పెట్టానని ఒప్పుకున్నాను. ఈసారి మాట గొంతులోనే ఉండిపోలేదు. "అట్లాసు కాయితం నాన్న ఫొటో కాడ ఎట్టినాను టీచర్. రోజూ ఆ సుక్కకే దండం ఎడతన్నాను," అంది. "నాన్న అక్కడ నేడన్నమాట."

నేను దరఖాస్తు చేతిలో పెట్టాను. అప్పట్లో నువ్వు ఆశపడ్డ పనేనమ్మా, చదువు లేకపోయినా తీసుకుంటారు, ఒక్కసారి వచ్చి చూడు అని ప్రాధేయపడ్డాను. కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏటి గియ్యాల టీచర్?" అనడిగింది.

అబద్ధం ఆడాలనిపించింది. ఆడలేకపోయాను. "ఈ తీరంలో చేపలు పట్టే చోట్లన్నీ. ఏ రాయి ఎక్కడుందో, అన్నీ."

"ఎవులి రాళ్ళు?"

ఆ పిల్లే దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే తిరిగి పెట్టింది. "నానొక్కపాలి గీసినాను టీచర్. సాలు," అంది.

ఇప్పటికీ పాతపట్నం నుంచి చీపురుపల్లి దాకా ఏ బడి పిలిచినా వెళుతున్నాను. ఈ చదువు ఉందని, పని ఉందని, మనుషులు లేరని చెబుతున్నాను. కొంతమంది చేరారు కూడా. ఒక పిల్ల హైదరాబాదు నుంచి ఫోను చేసి తను చేసిన పటం గురించి చెబుతుంటే ఎంత సంతోషమేసిందో, ఫోను పెట్టేశాక అంత ఏడుపొచ్చింది. అందరికీ చెప్పే మొదటి మాట మాత్రం మార్చుకున్నాను. పటం గీసే ముందు, ఇది ఎవరిదో వాళ్ళని అడగండి అంటాను. పిల్లలు నోట్సులో రాసుకుంటారు. ఎందుకని ఎవరూ అడగరు.

ఆ రోజు షెడ్డులో నేను వెనుదిరుగుతుంటే, ఆ పిల్ల రెండో కాగితం అడిగి తీసుకుంది. వాళ్ళ నాన్న ఉన్న చోటు. తడి తగలకుండా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని చూసింది. కంప్యూటరు పెట్టిన చుక్క, పడవ పొడవు కూడా తప్పని చుక్క. చిన్నగా మడిచి జాకెట్లో దాచుకుంది. నేను గుమ్మం దాటుతుండగా వెనకనుంచి పిలిచింది.

"టీచర్, ఇది ఎవులికీ సూపించకండి."

ఇంటికెళ్ళి కంప్యూటర్లోంచి ఆ చుక్క తీసేశాను. అంకెలు రాసుకున్న కాగితం పొయ్యిలో పెట్టాను. అంకెలు నాకు కంఠతా వచ్చు. ఎవరడిగినా చెప్పను.